టాపెట్ చప్పుడు తగ్గితే ఇంజిన్ బాగుపడినట్టేనా?

చెన్నైలో మాధవరం నుంచి పుళల్ మీదుగా రెడ్‌హిల్స్ వైపు వెళ్లే గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ (జీఎన్‌టీ) రోడ్డు పక్కన లారీ షెడ్లు వరసగా కనిపిస్తాయి. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి వచ్చే లారీలన్నీ ఈ దారినే ఊళ్లోకి దిగుతాయి కాబట్టి ఆ షెడ్లలో తమిళంతో పాటు తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది. పాత లారీ ఒకటి షెడ్డులోకి వచ్చిందంటే డ్రైవరు చెప్పే మాటలు సాధారణంగా రెండే. "అన్నా, టాపెట్ సౌండ్ ఎక్కువైపోయింది, కాస్త తగ్గించు" అనేది మొదటిది, అంటే ఇంజిన్ పైన వాల్వుల దగ్గర వచ్చే టిక్ టిక్ చప్పుడు. "ఆయిల్ గేజ్ ముల్లు పైకి లేవట్లేదు" అనేది రెండోది.

ఈ రెండింటికీ చటుక్కున చేసే మరమ్మతులున్నాయి. వాల్వును నొక్కే మీటను రాకర్ అంటారు, దాని మీది స్క్రూ ఇంకాస్త బిగిస్తే చప్పుడు పోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది. డ్రైవరు సంతోషంగా బండి తీసుకుపోతాడు, ఓనరుకు ఖర్చు తక్కువ. కానీ పాత ఇంజిన్లను తొందరగా చంపేవి ఈ రెండు పనులే. ఎందుకో తెలియాలంటే వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఉండే చిన్న సందు ఏం పని చేస్తుందో, గేజ్ మీద ముల్లు దేన్ని చూపిస్తుందో కొంచెం ఓపికగా చూడాలి.

పాత లారీ ఇంజిన్లతో చెన్నైకి ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1948లో ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడానికి మొదలైన అశోక్ మోటార్స్, బ్రిటన్‌కు చెందిన లేలాండ్‌తో చేతులు కలిపాక 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కామెట్ లారీలు దక్షిణాది రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగాయి. సెంబియంలో సింప్సన్ కంపెనీ పర్కిన్స్ డీజిల్ ఇంజిన్లు తయారు చేసింది. అటు జంషెడ్‌పూర్‌లో 1954లో మొదలైన టాటా–మెర్సిడెస్ బెంజ్ ఒప్పందం 1969తో ముగిసినా, ఆ ఇంజిన్ల పోలిక తర్వాతి టాటా లారీల్లోనూ నిలిచింది. 692 ఇంజిన్‌కు 92 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 120 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). 697కు 97 మి.మీ. బోరు, 128 మి.మీ. స్ట్రోకు. ఆరు సిలిండర్లు, బోరు ఎంతో పేరులోని అంకెల్లోనే ఉందన్నమాట.

కంపెనీలు వేరైనా ఈ తరం ఇంజిన్ల ఒళ్లు ఒకటే తీరు. క్యామ్‌లనే గుబ్బలున్న కడ్డీ, అంటే క్యామ్ షాఫ్ట్, కింద బ్లాకులో ఉంటుంది. క్యామ్ టాపెట్‌ను లేపుతుంది, టాపెట్ పుష్ రాడ్‌ను లేపుతుంది, పుష్ రాడ్ రాకర్‌ను ఒక పక్క లేపితే రెండో పక్క వాల్వును కిందికి నొక్కుతుంది. రాకర్‌కు ఒక స్క్రూ, దానికో లాక్ నట్. ఆ స్క్రూతోనే సందు పెట్టుకోవాలి. అరిగిందాన్ని తనంతట తాను సరిచేసుకునే ఏర్పాటు ఏదీ ఇందులో లేదు. ఆ బాధ్యత మనిషిదే.

సందు ఎందుకు

వాల్వు ఇనుపదే కాబట్టి వేడెక్కితే సాగుతుంది. 130 మి.మీ. పొడవున్న ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు 0.15 మి.మీ. పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తల మండిన గ్యాసు మధ్యలో ఉండి, లోడు మీద వందల డిగ్రీల వేడిని మోస్తుంది. సిలిండర్ల పైమూత, అంటే హెడ్డు కూడా సాగుతుంది గానీ, చుట్టూ నీళ్లుండటంతో వాల్వు సాగినంత సాగదు. ఈ తేడాకు చోటిచ్చేదే ఆ సందు. ఇన్‌లెట్ వాల్వు మీదుగా చల్లగాలి పోతుంటుంది కాబట్టి దానికి తక్కువ సందు సరిపోతుంది, ఎగ్జాస్ట్‌కు ఎక్కువ కావాలి. చల్లని ఇంజిన్ మీద ఇన్‌లెట్‌కు 0.20 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.30 మి.మీ. లాంటి లెక్కలు వినిపించేది అందుకే. అయితే ఏ ఇంజిన్‌కు ఎంతన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పాల్సిందే. కొన్నింటికి చల్లగా ఉన్నప్పటి అంకె ఇస్తారు, కొన్నింటికి వేడి మీద అంకె, కొన్నింటికి రెండూ. పక్క షెడ్డు మెకానిక్ నోటి లెక్క పక్క లారీకి సరిపోవచ్చు, ఈ లారీకి సరిపోకపోవచ్చు.

సందు ఎక్కువైతే ఏమవుతుంది? రాకర్ ముందు ఆ ఖాళీని దాటి, ఆపైన వాల్వు కొనను టక్కున కొడుతుంది. ఆ దెబ్బే మనం వినే టిక్ టిక్. వాల్వు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, కాస్త ముందే మూసుకుంటుంది. ఒక వాల్వు 10 మి.మీ. లేస్తుందనుకుంటే, 0.1 మి.మీ. అదనపు సందు వల్ల పోయేది అందులో నూరో వంతు. బండి లాగడంలో ఆ తేడా డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. చాలాకాలం అలాగే వదిలేస్తే రాకర్ మొన, వాల్వు కొన దెబ్బతింటాయి, నిజమే. కానీ ఆ లోపు ఇంజిన్ రోజూ అరిచి చెబుతూనే ఉంటుంది.

సందు తక్కువైతే జరిగేది పూర్తిగా వేరు. వేడెక్కి సాగిన వాల్వుకు పోవడానికి చోటుండదు. రాకర్ దాన్ని సీటు మీద, అంటే మూసుకున్నప్పుడు ఆనే అంచు మీద, పూర్తిగా కూర్చోనివ్వదు. వెంట్రుకవాసి తెరుచుకున్న ఆ చోటు నుంచి, సిలిండర్‌లో డీజిల్ మండేటప్పుడు పుట్టే మంట పెద్ద ఒత్తిడితో చీల్చుకుంటూ బయటికి వస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకునేది సీటుకు ఆనుకున్న క్షణాల్లోనే. సీటు నుంచి హెడ్డుకు, హెడ్డు నుంచి నీళ్లకు ఆ వేడి పోతుంది. సీటుకు ఆనుకోలేని వాల్వుకు చల్లబడే దారి లేదు. వేడెక్కినకొద్దీ ఇంకా సాగుతుంది, సాగినకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. చివరికి అంచులో ఒక ముక్క కాలి, కొరికేసినట్టు ఊడిపోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ చప్పుడు ఉండదు. టాపెట్ సౌండ్ లేదని ఓనరు సంబరపడుతూనే ఉంటాడు. పొద్దున్నే స్టార్టింగ్ కష్టమై, ఒక సిలిండర్ మిస్ కొట్టి, సైలెన్సర్ దగ్గర పఫ్ పఫ్‌మని వినబడేసరికి హెడ్డు దించడం తప్ప దారి ఉండదు.

అందుకే పాత మెకానిక్‌లు శిష్యులకు ముందుగా నేర్పేది ఇదే: మాట్లాడే టాపెట్ మంచిది, మూగ టాపెట్‌ను నమ్మకు. చెవితో విని సందు పెట్టడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా పనికిరాదు. చెవికి తెలిసేది సందు ఎక్కువైందన్న సంగతి ఒక్కటే.

సందు కాలం గడిచేకొద్దీ పెరుగుతుందనే అందరూ అనుకుంటారు. రాకర్ మొన, పుష్ రాడ్ కప్పు, టాపెట్ ముఖం, క్యామ్ అరిగితే పెరుగుతుంది. కానీ వాల్వు, సీటు అరిగితే వాల్వు పైకి జరుగుతుంది, సందు తగ్గుతుంది. రెండు అరుగుదలలూ ఒకేసారి నడుస్తుంటాయి, ఏది గెలుస్తుందో బయటినుంచి తెలియదు. నిరుటి కంటే ఈ ఏడు ఇంజిన్ నిశ్శబ్దంగా ఉందంటే, ఆ నిశ్శబ్దం మీదే ముందు అనుమానం రావాలి.

చల్లటి ఇంజిన్ మీద

చల్లగా సెట్ చేయమన్న ఇంజిన్‌ను చల్లగానే చేయాలి. చెన్నైలో ఇది అనుకున్నంత తేలిక కాదు. సాయంత్రం ఎన్నూరు నుంచి లోడు దించి వచ్చిన లారీని రెండు గంటలు ఆపి "చల్లారింది" అనుకుంటే, నాలుగైదు వందల కిలోల ఆ ఇనుము లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. రాత్రంతా ఆపి తెల్లవారుజామున టాపెట్ కవర్ విప్పడమే సరైన పని. మే నెలలో అయితే ఎండెక్కకముందే ముగించాలి.

ఆరున్నరకు అలాంటి షెడ్డులో చూస్తే పని ఇలా నడుస్తుంది. బ్యాటరీ వైరు విప్పేశారు, స్టాప్ కేబుల్ లాగి ఉంచారు. కుర్రాడు కిందికి వంగి క్రాంక్ పుల్లీ నట్టుకు పెద్ద స్పానర్ తగిలించాడు. మేస్త్రీ బంపరు మీద నిలబడి, విప్పిన కవర్ పక్కన పెట్టి, ఆరో సిలిండర్ రాకర్ల మీదే చూపు నిలిపాడు.

"తిప్పరా... మెల్లగా... ఆగు. ఇప్పుడు ఆరు ఊగుతోంది. ఒకటి పట్టుకో."

ఆ "ఊగడం" అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోబోతూ, ఇన్‌లెట్ తెరుచుకోబోతూ ఉండే క్షణంలో రెండు రాకర్లూ ఒకటి పైకి, ఒకటి కిందికి ఊగుతాయి. అదే ఓవర్‌ల్యాప్. సరిగ్గా అదే క్షణంలో దానికి జోడీ సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కి పైకొసకు చేరి ఉంటుంది, అక్కడ రెండు వాల్వులూ పూర్తిగా మూసి, రాకర్లు వదులుగా ఉంటాయి. సందు కొలవాల్సింది ఆ జోడీ సిలిండర్‌లో. ఈ తరం లైన్ ఇంజిన్లలో ఫైరింగ్ ఆర్డర్ సాధారణంగా 1-5-3-6-2-4. దాని ప్రకారం జోడీలు 1-6, 5-2, 3-4. అంకెలు కలిపి చూడండి, ప్రతి జోడీ మొత్తం ఏడే. కాబట్టి ఏ సిలిండర్ ఊగుతుంటే దాన్ని ఏడులోంచి తీసేస్తే, సెట్ చేయాల్సిన సిలిండర్ దొరుకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కైతే మొత్తం ఐదు. కాగితం, పుస్తకం లేకుండా తరతరాలుగా మెకానిక్‌ల నోటి మీద నడుస్తున్న లెక్క ఇది, ఎక్కడా తప్పదు.

క్యామ్ షాఫ్ట్ క్రాంక్ షాఫ్ట్‌లో సగం స్పీడులో తిరుగుతుంది. అంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఆరు సిలిండర్లూ అయిపోతాయి. ఒక్కొక్కదానికి మూడో వంతు చుట్టు. ఇంజిన్ నడిచే దిక్కుకే తిప్పాలి. స్టార్టర్‌ను చిటుక్కు చిటుక్కుమనిపించి తిప్పేవాళ్లున్నారు, అలా చేస్తే ఎక్కడ ఆగుతుందో చేతిలో ఉండదు. పైగా రాకర్ల మధ్య వేలు పెట్టి ఉన్నవాడికి ప్రమాదం. చేత్తో తిప్పడమే పద్ధతి.

సందు కొలిచే సన్నటి రేకు, అంటే ఫీలర్ గేజ్, సందులోకి సాఫీగా దూరి, లాగుతుంటే లేతగా పట్టుకోవాలి. వెన్నలోంచి కత్తి తీసినట్టు వస్తే సందు ఎక్కువ, గీసుకుంటూ వస్తే తక్కువ. మేస్త్రీ చేత్తో నేర్పేది ఆ పట్టునే, మాటల్లో నేర్పడం కష్టం. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది. కాబట్టి బిగించాక మళ్లీ కొలవని సందు కొలిచినట్టు కాదు. తొందరలో చాలామంది వదిలేసేది ఈ రెండో కొలతనే.

రాకర్ మొన దగ్గర ఇంకో మోసం ఉంది. ఏళ్ల తరబడి వాల్వు కొన తగిలి తగిలి మొనలో చిన్న గుంట పడుతుంది. వెడల్పాటి ఫీలర్ రేకు ఆ గుంట అంచుల మీద వంతెనలా ఆనుకుంటుంది, గుంటలోకి దిగదు. రేకు చూపేది 0.30, అసలు సందు 0.40 కూడా కావచ్చు. సెట్టింగ్ అయ్యాక కూడా ఒక్క రాకరే టిక్కుమంటోందంటే స్క్రూ మళ్లీ బిగించేముందు మొన మీద వేలు పెట్టి తడమాలి. గుంట తగిలితే దాన్ని గ్రైండ్ చేయించడమో, మార్చడమో చేయాలి. బిగించడం మాత్రం మందు కాదు.

అంగుళాల గొడవ చెప్పకుండా వదలకూడదు. ఎన్నూరు లేలాండ్, సెంబియం పర్కిన్స్ బ్రిటిష్ సంతానం, వాటి పాత మాన్యువల్స్ అంగుళాల్లో ఉంటాయి. టాటా–మెర్సిడెస్ జర్మన్ సంతానం, అది మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది. ఒకే షెడ్డులో రెండూ నిలబడి ఉంటే "ఇరవై పెట్టు" అన్న మాటకు రెండు అర్థాలు. 0.20 మి.మీ. ఒకటి, అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు ఇంకొకటి. రెండోది 0.50 మి.మీ. పైన. అలాగే వెయ్యింట ఎనిమిది అంటే 0.20 మి.మీ., వెయ్యింట పన్నెండు అంటే 0.30 మి.మీ. పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో కొన్న పాత ఫీలర్ గేజ్ మీద అంగుళాల అంకెలు మాత్రమే ఉండొచ్చు. నోటితో అంకె చెప్పేటప్పుడు ఏ కొలతో కూడా చెప్పడం, అందులోనూ కొత్త కుర్రాడికి చెప్పేటప్పుడు, తప్పనిసరి.

హెడ్డు దించి ఎక్కించిన ఇంజిన్ అయితే ముందు హెడ్ బోల్టులు టార్క్ రెంచితో బిగించి, ఆ తర్వాతే సందు పెట్టాలి. బోల్టులు బిగిసేకొద్దీ హెడ్డు కింద వేసే ప్యాకింగ్, అంటే గాస్కెట్, అణుగుతుంది, హెడ్డు దిగుతుంది, పెట్టిన సందు మారిపోతుంది.

ముల్లు చెప్పేది, చెప్పనిది

ఆయిల్ ప్రెషర్ విషయంలో అపార్థం ఇంకా లోతైనది. ఆయిల్ పంపు చేసేది ఆయిల్‌ను తోయడం. ఆ ఆయిల్ బ్లాకులోని పెద్ద ఆయిల్ దారి అయిన మెయిన్ గ్యాలరీ నుంచి మెయిన్ బేరింగ్‌లకు, అక్కడి నుంచి క్రాంక్‌లో తొలిచిన దారుల గుండా కనెక్టింగ్ రాడ్ల కింది చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగ్‌లకు, క్యామ్ బేరింగ్‌లకు, చివరికి పైన రాకర్ షాఫ్ట్‌కు పోతుంది. ఈ దారుల్లో ఎదురయ్యే అడ్డమే ప్రెషర్‌గా కనిపిస్తుంది. ముల్లు కొలిచేది ఆ అడ్డాన్ని. ఎంత ఆయిల్ పారుతోందన్నది దానికి తెలియదు.

ఎక్కువ అడ్డం రెండు కారణాల వల్ల ఉండొచ్చు. బేరింగ్‌లు అరగక బిగుతుగా ఉండటం మొదటిది, ఇది మంచిది. ఆయిల్ చిక్కగా ఉండటమో, దారి మూసుకుపోవడమో రెండోది. గేజ్‌కు ఈ తేడా తెలియదు, తెలుసుకోవాల్సింది చూసేవాడు.

ఆయిల్ చిక్కదనాన్ని ఎస్ఏఈ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే చిక్కదనం ఎక్కువ. ఎస్ఏఈ 40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో సుమారు పదో వంతే చిక్కగా ఉంటుంది. కాబట్టి పొద్దున స్టార్ట్ చేయగానే ముల్లు ఎగిరిందని మురిసిపోవడంలో అర్థం లేదు. చల్లటి ఆయిల్ మీద ఎంత అరిగిన ఇంజిన్ అయినా మంచి ప్రెషరే చూపిస్తుంది. నీళ్ల టెంపరేచర్ గేజ్ పైకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఆయిల్ నీళ్ల కంటే నిదానంగా వేడెక్కుతుంది. లోడుతో అరగంటైనా నడిపి, ఆపి, ఐడిల్‌లో ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఆ ఒక్క అంకెలో ఉన్నంత నిజం మిగతా వేటిలోనూ లేదు.

బేరింగ్ అరుగుదల లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య సందు పెరిగితే, అక్కడి నుంచి కారిపోయే ఆయిల్ ఆ పెరుగుదలకు ఘనంలో పెరుగుతుంది. సందు 0.06 మి.మీ. నుంచి 0.09 మి.మీ.కి, అంటే ఒకటిన్నర రెట్లు అయితే, మిగతావన్నీ అలాగే ఉంటే, కారేది మూడు రెట్లు దాటుతుంది. పాత ఇంజిన్ ప్రెషర్ ఏళ్ల తరబడి బాగానే ఉండి, చివరి కొద్ది నెలల్లో దబ్బున పడిపోవడానికి కారణం ఇదే. డ్రైవరు "నిన్నటిదాకా బాగుందన్నా" అంటే అబద్ధం చెబుతున్నట్టు కాదు.

అంకెలు ఎంత ఉండాలి? ఈ తరం డీజిల్ లారీ ఇంజిన్లకు వేడి మీద, మంచి స్పీడులో 2.5 నుంచి 4 కేజీల దాకా, ఐడిల్‌లో ఒక కేజీ అటూ ఇటూ ఉంటే సాధారణంగా ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ. 14.2 పీఎస్ఐ ఒక కేజీ, కాబట్టి పాత బ్రిటిష్ గేజ్‌లో 40 కనిపిస్తే 2.8 కేజీలు. పాత వాళ్ల ఇంకో లెక్క ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు కనీసం 10 పీఎస్ఐ అని. ఇవన్నీ ఉజ్జాయింపులే, ఇక్కడా చివరి మాట మాన్యువల్‌ది.

ప్రెషర్ తక్కువ కనిపిస్తే ఇంజిన్ కంటే ముందు గేజ్‌ను అనుమానించాలి. డాష్‌బోర్డు మీది పాత గేజ్ లోపల ఉండేది వంచిన చదును గొట్టం. లోపలికి ప్రెషర్ రాగానే ఆ గొట్టం నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బోర్డన్ 1849లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇది, ఇప్పటికీ దీన్ని మించిన సులువైన గేజ్ లేదనే చెప్పాలి. కానీ 30 ఏళ్లు లారీ డాష్‌బోర్డు మీద అదిరిన గొట్టం నిజం చెబుతుందని నమ్మకం లేదు. ఇంజిన్ దగ్గర్నుంచి వచ్చే సన్నటి రాగి పైపు ఎక్కడో నలిగి ఉండొచ్చు, మడ్డితో మూసుకుపోయి ఉండొచ్చు. కరెంటు సెండర్ ఉన్న బండిలో వైరు, ఎర్త్ సరిగ్గా లేకపోయినా ముల్లు తప్పుతుంది. బ్లాకులో గ్యాలరీ ప్లగ్గు విప్పి, మంచి టెస్ట్ గేజ్ ఒకటి నేరుగా బిగించి చూడటానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట పెట్టకుండా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే సంప్‌ను, దించడం అన్యాయం. ప్లగ్గు మరలు ఏ రకమో చూసుకోకుండా బలవంతంగా బిగిస్తే మాత్రం బ్లాకులోని మరలే పోతాయి. బ్రిటిష్, మెట్రిక్ గొడవ అక్కడా ఉంది.

గేజ్ నిజమే చెబుతోందని తేలాక డిప్ స్టిక్ వైపు చూడాలి. మట్టం తక్కువుంటే సంగతి తేలికే. మట్టం పెరిగి ఉంటే భయపడాలి. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరిగిందంటే డీజిల్ గానీ నీళ్లు గానీ చేరుతున్నాయి. డిప్ స్టిక్ కొన రెండు వేళ్ల మధ్య రాస్తే, డీజిల్ కలిసిన ఆయిల్ జిగట లేకుండా పల్చగా జారుతుంది, వాసన చెప్పేస్తుంది. ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిల్లు పడటం, ఇంజెక్టర్ కారడం, పంపు లోపల సీళ్లు పోవడం ఇందుకు కారణాలు. నీళ్లు కలిస్తే పాలు ఎక్కువైన కాఫీ రంగు వస్తుంది. ఈ రెండింట్లో ఏది ఉన్నా బండి రోడ్డెక్కకూడదు.

ఇవేవీ లేకపోతే రిలీఫ్ వాల్వు. స్ప్రింగు నొక్కి ఉంచిన ఒక గుండో, ప్లంజరో ప్రెషర్ మరీ ఎక్కువైనప్పుడు తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి వదులుతుంది. దాని కింద చెత్త రవ్వ ఇరుక్కుంటే ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. విప్పి కడిగితే చాలు, వేలల్లో ఖర్చు తప్పుతుంది. ఆ తర్వాత సంప్‌లోని జల్లెడ (స్ట్రైనర్), పంపు ఆయిల్ లాగే సక్షన్ పైపు జాయింటు. పైపు దగ్గర గాలి లాగుతుంటే ముల్లు వణుకుతూ ఉంటుంది. పంపు గేర్లు, బేరింగ్‌లు చివరి మెట్లు.

ఇక చిక్కటి ఆయిల్ సంగతి. అరిగిన బేరింగ్‌లున్న ఇంజిన్‌లో ఎస్ఏఈ 50 పోస్తే ముల్లు లేస్తుంది, నిజమే. కానీ ఆయిల్ పారడం తగ్గుతుంది. బేరింగ్‌ను చల్లబరిచేది పారే ఆయిల్, ముల్లు మీద అంకె కాదు. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆ చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సేపంతా రాకర్ షాఫ్ట్ ఎండగానే అరుగుతుంది. రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషర్లు వేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ వాల్వు పనిచేసేది ప్రెషర్ హద్దు దాటినప్పుడు. వేడి ఐడిల్‌లో ప్రెషర్ పడిపోయే ఇంజిన్‌కు ఆ వాషర్లతో ఒరిగేదేమీ ఉండదు. చల్లటి ఆయిల్ మీద మాత్రం ప్రెషర్ హద్దు మీరి ఫిల్టర్ సీలునో, గేజ్ పైపునో పగలగొడుతుంది. టాపెట్ స్క్రూ బిగించి చప్పుడు నొక్కేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. జబ్బు లోపలే ఉంది, దాన్ని బయటికి చెప్పే నోరే మూతపడింది.

చెన్నై లారీలకు ఇంకో ప్రత్యేకమైన కష్టం ఉంది. హార్బర్ గేటు దగ్గర, ఎన్నూరు దారిలో కంటైనర్ లారీలు గంటల తరబడి క్యూలో నిలుస్తాయి. ఇంజిన్ ఐడిల్‌లో, ఆయిల్ వేడిగా, పంపు నిదానంగా. బేరింగ్‌లకు అంతకంటే కఠినమైన పరీక్ష లేదు. ఆ గంటలేవీ కిలోమీటర్ మీటర్ మీద కనిపించవు. కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చే అలవాటు ఇలాంటి బండికి సరిపోదు. ఇంజిన్ తిరిగిన గంటలు లెక్కేసుకోవాలి.

రెండూ కలిసే చోటు

టాపెట్ చప్పుడుకూ ఆయిల్ ప్రెషర్‌కూ ఉన్న బంధుత్వం రాకర్ షాఫ్ట్ మీద కళ్లకు కనిపిస్తుంది. ఆయిల్ వెళ్లే దారిలో ఆఖరి ఊరు అదే. కింద కొంచెం కరువొచ్చినా ముందు ఎండేది అక్కడే. సందులు పెట్టాక కవర్ మూసేముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో రెండు నిమిషాలు చూడాలి. ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరుతూ, మెరుస్తూ కనిపించాలి. ముందు రాకర్లు తడిసి, వెనక రెండు పొడిగా ఉన్నాయంటే షాఫ్ట్ లోపల మడ్డి పేరుకుంది. షాఫ్ట్ చివరి ప్లగ్గు తీసి తీగతో కెలికి కడగాలి. అన్నీ పొడిగా ఉండి, గేజ్ మాత్రం బాగుంటే హెడ్డుకు వెళ్లే దారే మూసుకుంది. హెడ్ గాస్కెట్ తిరగేసి పెట్టినప్పుడు గానీ, ఆయిల్ రంధ్రం సరిపోని గాస్కెట్ వేసినప్పుడు గానీ ఇలాగే జరుగుతుంది. అన్నీ పొడిగా ఉండి గేజ్ కూడా తక్కువైతే కింద బేరింగ్‌ల వైపు వెళ్లాల్సిందే.

చప్పుడు ఎక్కడిదో తేల్చడానికీ ఇదే మంచి సమయం. వాల్వు చప్పుడు పలచగా, క్రాంక్ స్పీడులో సగానికి టిక్ టిక్‌మంటుంది. ఇంజిన్ నడుస్తుండగా అనుమానమున్న రాకర్ సందులో ఫీలర్ రేకు జాగ్రత్తగా పెడితే ఆ టిక్ ఆగిపోతుంది, దోషి దొరికినట్టే. బిగ్ ఎండ్ చప్పుడు బరువుగా, కింద నుంచి, లోడు మారితే మారుతూ వస్తుంది. ఆ సిలిండర్ ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ ఆపితే తగ్గుతుంది. బరువైన చప్పుడు, వేడి ఐడిల్‌లో పడిపోయే ముల్లు రెండూ కలిసి ఉంటే రాకర్ల మీద ఎన్ని గంటలు గడిపినా ఫలితం ఉండదు.

ఈ అంకెలన్నీ ఒక పుస్తకంలో రాసుకునే ఓనర్లు కొద్దిమందే. తేదీ, మీటర్ అంకె, 12 వాల్వుల్లో ఒక్కోటి సెట్ చేసేముందు ఎంత ఉంది, వేడి ఐడిల్‌లో ప్రెషర్ ఎంత, ఏ ఆయిల్. సెట్ చేశాక ఎంత పెట్టారన్నది రాయడం కంటే, విప్పినప్పుడు ఎంత ఉందన్నది రాయడమే ముఖ్యం. మూడో నంబర్ ఎగ్జాస్ట్ ప్రతిసారీ 0.05 మి.మీ. బిగుసుకుపోయి దొరుకుతోందంటే ఆ సీటు దిగిపోతోందని ఏడాది ముందే తెలుస్తుంది. ఆయుధపూజకు ముందు ఎలాగూ బండి కడిగి సర్వీసు చేయించే అలవాటుంది. ఆ రోజుల్లోనే ఈ కొలతలు తీస్తే ఏటేటా పోల్చుకోవడం తేలిక.

ఇక కవర్ మూయడం. పాత కార్క్ ప్యాకింగ్ గట్టిపడి ఉంటే తీసేసి కొత్తది వేయాలి, బోల్టులు మరీ బిగిస్తే రేకు కవర్ వంగి అక్కడే కారుతుంది. పది నిమిషాలు ఇంజిన్ నడిపి, కవర్ అంచు చుట్టూ వేలితో తుడిచి చూడాలి. కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడే ఒక్కో చుక్కా పొగవుతుంది, ఆ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. వేలు పొడిగా వస్తే, ఇక లోడు ఎక్కించుకోవచ్చు.